రోజూ బోర్డు మీద ఒక పజిల్ పెడుతున్నాను, ఎప్పుడూ ఆ నలుగురే విప్పుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?

బోర్డుమూల:

అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతికి తెలుగు చెప్తాను. క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. ఈ సంవత్సరం మొదట్లో ఒక అలవాటు పెట్టుకున్నాను. రోజూ మొదటి పీరియడ్‌కి ముందే వెళ్ళి బోర్డు పైన కుడి మూలలో చిన్న గడి గీసి అందులో ఒక ప్రశ్న రాస్తాను, ఒకరోజు మాటలతో ఆట అయితే ఇంకోరోజు లోకజ్ఞానం. హాజరు పట్టీ తీసుకుని తిరిగి వచ్చేసరికి పిల్లలు ఆ గడి కింద గుంపుగా నిలబడి ఒకరి మీద ఒకరు పడి వాదించుకుంటూ ఉండేవాళ్ళు. మొదటి రెండు వారాలు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఎలాంటివి పెడతానో ఒకటి చెప్తాను. "మూడక్షరాల మాటను. అన్నీ కలిపితే నీళ్ళలో పూస్తాను. నడుమ అక్షరం తీసేస్తే కాగితం మీద నడుస్తాను." జవాబు కమలం, కలం.

ఇప్పుడు సమస్య ఏంటంటే, రోజూ ఆ నలుగురే చెప్తున్నారు. వాళ్ళలో ఒక అబ్బాయి మరీ చురుకు, నేను సుద్దముక్క కింద పెట్టేలోపే అరిచేస్తాడు. వాడి తప్పేం లేదు, వాడికి నిజంగానే వెంటనే తడుతుంది. కానీ పోయిన వారం ఒకటి గమనించి మనసు చివుక్కుమంది. ప్రశ్న రాసి వెనక్కి తిరిగితే మిగతా పిల్లలు బోర్డు వైపు చూడట్లేదు, వాడి వైపు చూస్తున్నారు. వాడు ఎప్పుడు చెప్తాడా, ఎప్పుడు చప్పట్లు కొట్టి పుస్తకాలు తీద్దామా అని.

ఇంకో రెండు బాధలు కూడా ఉన్నాయి. రోజుకో కొత్తది దొరకడం కష్టంగా ఉంది, ఇంగ్లీషులో దొరికినవి తెలుగులోకి తెస్తే ఆట చచ్చిపోతోంది. ఫోన్లో తిరిగే లోకజ్ఞానం ప్రశ్నలు రెండు పెట్టి రెండుసార్లూ తప్పు చెప్పాను, మర్నాడు పిల్లల ముందు సరిదిద్దుకున్నాను. సిలబస్ పూర్తి కావాల్సిన చోట రోజూ పది నిమిషాలు దీనికి పెట్టడం సబబేనా అని తోటి టీచర్లు అడిగితే గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఆపేయాలని మాత్రం లేదు. ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా నడిపారో వివరంగా చెప్పండి.

సుద్దముక్క:

టీచర్ గారూ, ఆపకండి. పద్ధతి మారిస్తే చాలు. నేను ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్తున్నాను, మీకు వచ్చిన ఈ చిక్కు నాకూ వచ్చింది, దాన్నుంచి బయటపడటానికి ఒక ఏడాది పట్టింది.

మొదట మార్చాల్సింది జవాబు నోటితో తీసుకోవడం. నోటితో చెప్పనిస్తే అది పరుగుపందెం అయిపోతుంది, పందెంలో మొదటివాడు గీత దాటగానే మిగతావాళ్ళు ఆగిపోతారు. వాళ్ళ బుర్ర కూడా అక్కడే ఆగిపోతుంది. ఒక అట్టడబ్బాకి పైన చీలిక పెట్టి టేబుల్ మీద ఉంచండి. జవాబు చీటీ మీద రాసి అందులో వేయాలి. చీటీలో మూడు ఉండాలి, పేరు, జవాబు, ఎలా తెలిసిందో ఒక్క వాక్యం. ఆ మూడోదే అసలు సంగతి. జవాబు పక్కవాడి దగ్గర చూసి రాయొచ్చు గానీ ఎలా తెలిసిందో చూసి రాస్తే వెంటనే దొరికిపోతారు.

రెండోది, ఇవాళ్టి ప్రశ్నకు జవాబు ఇవాళ చెప్పకండి. రేపు పొద్దున కొత్త ప్రశ్న రాసే ముందు చెప్పండి. మధ్యాహ్నం గంట కొట్టాక ఒక్క చిన్న ఆధారం ఆ గడి కిందే రాయండి, అంతే. ఇలా చేస్తే క్లాసులో మీరు పెట్టే సమయం రెండు మూడు నిమిషాలకు మించదు, మిగతా ఆలోచనంతా వాళ్ళు నడుస్తూ, తింటూ, ఇంటికి వెళ్తూ చేస్తారు. సిలబస్ సంగతి అడిగినవాళ్ళకు ఈ లెక్క చెప్పండి.

మీ కమలం లాంటిదే నేనూ ఒకసారి పెట్టాను. ఒక పిల్లాడు చీటీలో "కలువ" అని రాశాడు. కింద, "నీళ్ళలో పూసేది, మూడక్షరాలు, నడుమది తీస్తే కవ వచ్చింది, కవ అంటే ఏంటో తెలియదు కానీ ఇదే అనిపించింది" అని రాశాడు. నోటితో చెప్పి ఉంటే "తప్పు" అనేసి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. చీటీ చూశాను కాబట్టి వాడు సగం దారి సరిగ్గానే నడిచాడని తెలిసింది. మర్నాడు పేరు చెప్పకుండా ఆ చీటీ చదివి, కవ అంటే జంట, కవలలు అంటాం కదా అని చెప్పాను. ఆ రోజు వాడి ముఖం చూడాలి మీరు. అప్పట్నుంచీ ఒక్కరోజు కూడా చీటీ వేయకుండా ఉండలేదు.

తప్పు జవాబుల్లో మంచివాటిని రోజుకు ఒకటి చదవండి. సరైన జవాబు చెప్పినవాళ్ళ పేర్ల జాబితా మాత్రం చదవకండి.

ఇక ఆ చురుకైన అబ్బాయి. వాడిని అణచకండి, పని పెంచండి. వారంలో ఒకరోజు ప్రశ్న తయారుచేసే పని ఆ నలుగురికి ఇవ్వండి. పొడుపు విప్పడం వేరు, పొడవడం వేరు, రెండోదానికి పదింతలు ఆలోచించాలి. వాడికి చాలినంత పని అక్కడ దొరుకుతుంది.

అక్షరాలపిచ్చి:

నేను టీచర్‌ని కాదు. కానీ మాటల ఆటలంటే ప్రాణం, పన్నెండేళ్ళుగా గళ్ళ నుడికట్టు నింపుతున్నాను, అప్పుడప్పుడు తయారుచేస్తాను కూడా. ఇంగ్లీషువి తెలుగులోకి తెస్తే ఆట చచ్చిపోతోంది అన్నారు చూడండి, దానికి కారణం చెప్పాలని రాస్తున్నాను.

ఇంగ్లీషు ఆటలు చాలావరకు ఆ భాష స్పెల్లింగ్ మీద నడుస్తాయి. లిజన్, సైలెంట్ అనే రెండు మాటలకీ అక్కడ అవే ఆరు అక్షరాలు, అటూ ఇటూ మారతాయి, అందుకే అది వాళ్ళకు ముచ్చట. తెలుగులో రాస్తే ఆ రెండింటికీ పొంతనే లేదు. మలయాళం అనే మాట ఇంగ్లీషులో రాస్తే ఎటునుంచి చదివినా ఒకటే, మన లిపిలో మ, ల, యా, ళం, ఎక్కడా కలవదు. మనకు ఆట నడిచేది అక్షరం మీద. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే అక్షరం. పద్మం అంటే ఎన్ని అక్షరాలు అని అడిగి చూడండి, సగం మంది మూడు అంటారు. ప, ద్మం, రెండే. ఒక్క అక్షరంలో మూడు హల్లులున్న మాట ఏది అని అడగండి, స్త్రీ అని తట్టడానికి చాలాసేపు పడుతుంది, తట్టాక స, త, ర విడదీసి రాసుకుని తెగ మురిసిపోతారు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే ప్రశ్నలకు కరువుండదు. తిరగేసే మాటలు తీసుకోండి. తల తిరగేస్తే లత. పలక తిరగేస్తే కలప, ముందు నుంచి చదివితే రాసుకునేది, వెనక నుంచి చదివితే చెట్టు నుంచి వచ్చేది అని అడగొచ్చు. ఎటు చదివినా ఒకటే అయ్యేవి అంటే అందరూ వికటకవి దగ్గరే ఆగిపోతారు, కానీ నయన, జలజ, నటన, నవీన, కునుకు, కంటకం, కందుకం ఇలా వరసగా ఉన్నాయి. మా అన్నయ్య పిల్లలతో ఆడినప్పుడు పెద్దది కిటికీ అంది. చిన్నవాడు ఒప్పుకోలేదు, మొదటిది కి, చివరిది కీ, దీర్ఘం ఉంది కదా, ఎలా కుదురుతుంది అన్నాడు. దీర్ఘం లేకుండా కిటికి అని కూడా రాస్తారని అది, రాసినా నువ్వు ఇప్పుడు పలికింది కీ అనే కదా అని వాడు, అరగంట వాదించుకున్నారు. హ్రస్వం, దీర్ఘం అన్న పాఠం అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

రెండర్థాల మాటలు మన దగ్గర బోలెడు. సంఖ్యా అవుతుంది, పనీ అవుతుంది, అలాంటి మాటలు చెప్పండి అని అడగండి. దీపం ఆరుతుంది కాబట్టి ఆరు. మందు నూరతాం కాబట్టి నూరు. తలుపు వేయి అంటాం కాబట్టి వేయి. నేను ఈ మూడే అనుకుని అడిగితే మా చిన్నవాడు కాసేపు గోడ వైపు చూసి "మూడు!" అని అరిచాడు, ఎలారా అంటే "అల్లరి చేస్తే అమ్మ నీకు మూడింది అంటుంది కదా" అన్నాడు. నాకే తట్టలేదు అది.

అవధానంలో నిషిద్ధాక్షరి అని ఉంది కదా, ప్రశ్న అడిగే పృచ్ఛకుడు ఫలానా అక్షరం వాడకూడదు అంటూ ఆపుతుంటే పద్యం చెప్పాలి. దాన్ని పిల్లలకు సరిపడేలా చేసి, ర అనే అక్షరం ఏ గుణింతంలోనూ ఏ ఒత్తులోనూ రాకుండా మీ గురించి ఐదు వాక్యాలు రాయండి అని ఇవ్వండి. చూడటానికి తేలిక. ఏమవుతుందో నేను చెప్పను, ఇచ్చి చూడండి. దత్తపది కూడా అంతే, నాలుగు మాటలిచ్చి అవి నాలుగూ వచ్చేలా రెండు వాక్యాలు, కానీ ఒక్క మాటనైనా మామూలు అర్థంలో వాడకూడదు అనండి. ఇది కాస్త పెద్ద పిల్లలకు.

చివరి అక్షరంతో కొత్త మాట మొదలుపెట్టే గొలుసు ఆట ఆడిస్తే మాత్రం ముందే ఒక నియమం పెట్టుకోండి. మన మాటలు చాలావరకు లు, డు, ము అనో సున్నాతోనో ముగుస్తాయి, డు దగ్గర గొలుసు తెగిపోతుంది. అందుకని గుణింతం వదిలేసి హల్లు ఒక్కటే పట్టుకోవాలి, డు వస్తే డ, డా, డి ఏదైనా సరే. ణ, ళ తో మొదలయ్యే మాటలు తెలుగులో లేవు కాబట్టి అవి వస్తే న, ల తీసుకోవచ్చు అనండి. లేకపోతే తెలివైన పిల్లలు కోణం, తాళం, వేళ అంటూ ఎదుటివాళ్ళను ఇరికించేస్తారు.

పటకం (సైన్స్ టీచర్):

మాటల ఆటల గురించి పై ఇద్దరూ బాగా చెప్పారు, నేను లోకజ్ఞానం వైపు నుంచి చెప్తాను. ఫోన్లో వచ్చింది వచ్చినట్టు పెట్టొద్దు, అంతే. నేనూ దెబ్బతిన్నాను. "శుక్రగ్రహం మీద ఒక రోజు ఒక సంవత్సరం కంటే పెద్దది, నిజమా?" అని పెట్టాను, నిజం అని జవాబు రాశాను. అది తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులే, కాబట్టి నిజమే అనుకున్నాను. ఒకమ్మాయి చీటీలో "సార్, రోజు అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకానా, లేక ఒక చుట్టా?" అని రాసింది. వెళ్ళి చూస్తే ఆ పిల్ల ప్రశ్నే సరైనది. శుక్రుడు వెనక్కి తిరుగుతాడు కాబట్టి అక్కడ ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి దాదాపు 117 రోజులే. అంటే రోజు అన్న మాటకు ఏ అర్థం తీసుకుంటే ఆ జవాబు. మర్నాడు ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి బంతితో చూపించమన్నాను. మిగతా గ్రహాల పాఠం ఏదీ వాళ్ళకు అంత గుర్తుండిపోలేదు.

అందుకే ఇప్పుడు శుక్రవారం ప్రశ్న ఎప్పుడూ "నిజమా, అబద్ధమా, ఎలా తేలుస్తావు?" చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనబడుతుంది, మనం మెదడులో పది శాతమే వాడతాం, పిడుగు ఒకే చోట రెండుసార్లు పడదు. మూడూ అబద్ధాలే, మూడూ పెద్దవాళ్ళు కూడా నమ్మేవే. రెండు వేర్వేరు పుస్తకాల్లో చూసి రావాలని నియమం. మీరు తప్పు చెప్పి మర్నాడు సరిదిద్దుకున్నాను అన్నారు కదా, దానికి బాధపడకండి టీచర్ గారూ, పిల్లలు నేర్చుకోవాల్సింది అదే.

ప్రశ్న ఎంచుకోవడంలో నాకు తేలింది ఒకటుంది. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు అన్నట్టుండే ప్రశ్న పెడితే అది జ్ఞాపకానికి పరీక్ష, తెలియనివాడు ఏమీ చేయలేడు. కొంచెం ఆలోచిస్తే దగ్గరికి రాగలిగేది పెట్టండి. "పెద్దవాళ్ళ ఒంట్లో ఎన్ని ఎముకలు?" అంటే 206 అని చదివినవాడే చెప్తాడు. "పుట్టిన పాపకు దాదాపు 300 ఉంటాయి, పెద్దయ్యాక 206 ఉంటాయి, మిగతావి ఏమయ్యాయి?" అని అడగండి, అందరికీ ఏదో ఒక ఊహ వస్తుంది. పడిపోయాయి అంటారు, కరిగిపోయాయి అంటారు, ఎవరో ఒకరు అతుక్కున్నాయేమో అంటారు, అదే నిజం. "1 నుంచి 100 వరకు రాస్తే 9 అనే అంకె ఎన్నిసార్లు రాస్తాం?" కూడా అలాంటిదే. పది అని కొందరు, పందొమ్మిది అని కొందరు, చివరికి వేళ్ళు మడిచి లెక్కపెడితే ఇరవై.

సమయం వృథా కాదా అన్న ప్రశ్నకు రెండు పరిశోధనలు గుర్తుపెట్టుకోండి, నేను అడిగినవాళ్ళకు ఇవే చెప్తాను. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో తరగతి గదుల్లో కూర్చుని కొలిచారు, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. మూడు సెకన్లకే అంత మార్పు వస్తే సుద్దముక్క గారు చెప్పినట్టు ఒక రోజంతా ఆగడం ఎంత ఇస్తుందో చూడండి. రెండోది రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చేసింది. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత చూస్తే, మళ్ళీ చదవకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అందుకని నెలకోసారి పాత ప్రశ్నలు అయిదు తిరిగి పెట్టండి, పిల్లలు "ఇది అయిపోయింది కదా" అంటారు, పెట్టండి.

వెనకబెంచీ:

నేను టీచర్ కాదు, పేరెంట్ కూడా కాదు, ఈ ప్రశ్న చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మీరు చెప్పిన ఆ మిగతా ముప్ఫై నాలుగు మందిలో ఒకడిని నేను. మా బడిలో కూడా ఒక సార్ రోజూ ఒక పొడుపు కథ అడిగేవారు, చాలా మంచాయన, ఆయనంటే అందరికీ ఇష్టం, కానీ చెయ్యి మొదట ఎత్తినవాడితో చెప్పించేవారు, నేను ఇంకా ప్రశ్నలో రెండో ముక్క దగ్గర ఉండగానే జవాబు వచ్చేసేది, వచ్చాక "ఓ, ఇదేనా, నాకూ వచ్చేదే" అనిపించేది, అలా ఒక ఏడాదిలో రెండు వందల సార్లు అనిపిస్తే చివరికి నాకు రాదు అని నేనే ఒక నిర్ణయానికి వచ్చేశాను. రాకపోవడం కాదు, నాకు టైమ్ పడుతుంది. ఆ తేడా ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు.

ఒకసారి మాత్రం చెయ్యి ఎత్తాను. తప్పు చెప్పాను. సార్ ఏమీ అనలేదు, ముందు బెంచీలో ఒకడు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, వాడికి గుర్తుండి ఉండదు. ఆ తర్వాత ఎత్తలేదు.

కాబట్టి టీచర్ గారూ, డబ్బా పద్ధతి పెడితే ఒక్క మాట. చీటీ వేయనివాళ్ళను "నువ్వెందుకు వేయలేదు" అని నిలబెట్టి అడగకండి. "ఇంతవరకు వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను" అని రాసినా చీటీయే అని మొదటిరోజే చెప్పండి. నాకు అప్పుడు ఎవరైనా అలా చెప్పి ఉంటే రోజూ వేసేవాడిని.

సుద్దముక్క:

వెనకబెంచీ గారూ, మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. "ఆగిపోయాను" చీటీ అన్న ఆలోచన నాకు ఇన్నేళ్ళలో రాలేదు. రేపటి నుంచే మా క్లాసులో చెప్తాను.

లెక్కలటీచర్:

అన్నీ బాగున్నాయి, ఒక్క విషయం ఎవరూ అనలేదు. వారం వారం ఎక్కువ సరైన జవాబులు రాసినవాళ్ళకు పెన్నో స్టిక్కరో ఇస్తే ఉత్సాహం ఉంటుంది కదా. మా క్లాసులో బోర్డు పక్కన స్కోర్ చార్ట్ పెట్టాను, పిల్లలు రోజూ చూసుకుంటారు.

పటకం (సైన్స్ టీచర్):

సార్, నేను పెట్టి తీసేశాను. చార్ట్‌లో పైన అయిదుగురు మాత్రమే రోజూ చూసుకుంటున్నారు, కింద ఉన్నవాళ్ళు ఆ గోడ వైపు రావడం మానేశారు. పైగా స్కోర్ పెట్టాక ఇళ్ళలో ఫోన్లు అడిగి జవాబులు వెతకడం మొదలైంది. తప్పనిసరిగా ఏదైనా ఇవ్వాలనుకుంటే క్లాసు మొత్తానికి కలిపి లెక్కపెట్టండి, ఈ నెల మనందరివీ కలిసి ఎన్ని చీటీలు అని. ఆ 2021లో వచ్చిన వర్డిల్ అనే ఆన్‌లైన్ మాట కనిపెట్టే ఆట చూడండి, దాన్ని అంతమంది రోజూ ఆడటానికి బహుమతి ఏమీ లేదు. రోజుకు ఒకటే మాట, అందరికీ అదే మాట, ఆరు ప్రయత్నాలు, మొదట్లో ఇంకోటి కావాలన్నా రేపటిదాకా ఆగాల్సి వచ్చేది. అందరిదీ ఒకే ప్రశ్న కాబట్టి మాట్లాడుకోవడానికి దొరుకుతుంది. మన బోర్డు మూల కూడా అంతే.

లెక్కలటీచర్:

ఫోన్ల సంగతి నిజమే, మా దగ్గరా ఉంది. చార్ట్ తీసి ఒక నెల చూస్తాను.

బోర్డుమూల:

మూడు వారాలయింది, ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను. ముందుగా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మొదటిరోజు డబ్బాలో పదకొండు చీటీలు పడ్డాయి. వెనకబెంచీ గారు చెప్పినట్టే "ఆగిపోయాను" అని రాసినా చాలు అన్నాను, రెండో వారానికి ముప్ఫై దాటాయి. చాలావాటిలో జవాబు లేదు, ఎక్కడిదాకా వచ్చారో ఉంది. అవి చదువుతుంటే ఈ పిల్లలు ఎలా ఆలోచిస్తారో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదనిపించింది.

అక్షరాలపిచ్చి గారూ, మీ ర లేని వాక్యాల సంగతి చెప్పాలి. ఐదు నిమిషాల్లో అయిపోతుందనుకుని ఇచ్చాను. మొదటి వాక్యం దగ్గరే ఇరుక్కుపోయారు, "నా పేరు" అనగానే రు వచ్చేసింది. "సరే, నన్ను ఫలానా అని పిలుస్తారు" అన్నారు, మళ్ళీ రు. "అంటారు", మళ్ళీ అదే. ఎటు వెళ్ళినా ఆ రు వెంటపడుతోందేంటి టీచర్ అని ఒకటే గోల. మర్నాడు ఒక చీటీ వచ్చింది, ఇంతవరకు క్లాసులో నోరు విప్పని ఒకమ్మాయిది. "అమ్మ నన్ను చిట్టి అని పిలుస్తుంది." కింద ఎలా తెలిసిందో దగ్గర, "ఎక్కువమంది పిలిస్తే రు వస్తుంది, పెద్దవాళ్ళను గౌరవంగా అన్నా రు వస్తుంది, ఒక్కరే పిలిస్తే, అది కూడా అమ్మ అయితే రాదు" అని రాసింది. ఏకవచనం, బహువచనం, గౌరవవాచకం నేను రెండు పీరియడ్లు చెప్పే పాఠం. ఆ చీటీ బోర్డు మీద అంటించి పాఠం అక్కడ్నుంచే మొదలుపెట్టాను.

చురుకైన అబ్బాయి మొదట్లో ముఖం మాడ్చుకున్నాడు, అరిచే అవకాశం పోయిందని. వాడికి పొడుపు తయారుచేసే పని ఇచ్చాను. మొదటిది తెచ్చాడు, క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు, ఎందుకంటే ఆధారం సరిపోలేదు. "నాకు తెలుస్తోంది కదా టీచర్" అన్నాడు. నీకు జవాబు ముందే తెలుసు కాబట్టి తెలుస్తోంది, తెలియనివాళ్ళలా చదివి చూడు అన్నాను. మూడు రోజులు తిరగరాశాడు, పక్కవాళ్ళకు చూపించి ఎక్కడ ఆగుతున్నారో అడిగి మరీ రాశాడు. ఇప్పుడు మిగతా పిల్లలు ఎలా ఆలోచిస్తారా అని వాడు చూస్తున్నాడు, నాకు అది చాలా ఆనందంగా ఉంది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. రోజుకు ముప్ఫై చీటీలు చదవడం నావల్ల కావట్లేదు, చదవకపోతే పిల్లలు "నాది చూశారా టీచర్" అని అడుగుతున్నారు.

సుద్దముక్క:

రోజుకో వరుస చదవండి. ఇవాళ కిటికీ పక్క వరుస, రేపు దాని పక్కది. ఏ రోజు ఎవరివి చదువుతారో ముందే చెప్పేయండి, చదివిన చీటీ మీద ఒక్క మాటైనా రాసి వెనక్కివ్వండి. మిగతావి పైపైన తిరగేసి పెట్టుకుంటే చాలు, పిల్లలు అర్థం చేసుకుంటారు. ఆ అబ్బాయి తయారుచేసిన పొడుపు ఇక్కడ పెట్టండి, మేమూ చూస్తాం.

బోర్డుమూల:

ఇదిగోండి, వాడు రాసింది రాసినట్టు: "మూడక్షరాల మాటను. అన్నీ కలిపితే నాలో లక్షల మంది ఉంటారు. నడుమ అక్షరం తీసేస్తే నేనే మీలో ఉంటాను."

అక్షరాలపిచ్చి:

ఏడో తరగతా! రెండో వాక్యంలో "నాలో" అని, మూడోదాంట్లో "మీలో" అని తిప్పడం ఎంత బాగుందో. జవాబు తెలిసింది, చెప్పను. మిగతావాళ్ళు చూడండి.

వెనకబెంచీ:

నాకు ఒకటిన్నర రోజు పట్టింది.

జవాబు: నగరం, నరం.

ఎలా తెలిసింది: లక్షల మంది అంటే దేశం, లోకం, సైన్యం అన్నీ అనుకున్నాను, అన్నీ రెండక్షరాలే. సముద్రంలో చేపలు కూడా అనుకున్నాను, నడుమది తీస్తే సద్రం, అలాంటి మాటే లేదు. అక్కడ ఆగిపోయాను. ఇవాళ పొద్దున రెండో వైపు నుంచి మొదలుపెట్టాను, ఒంట్లో ఉండే రెండక్షరాల మాటలు వరసగా రాసుకున్నాను, గుండె, కన్ను, చెవి, చర్మం, నరం. ఒక్కోదాని నడుమ ఒక్కో అక్షరం పెట్టి చూసుకుంటూ వచ్చాను. నరం దగ్గర గ పెట్టగానే వచ్చేసింది.